పేరు చెప్పందే మూత పడదు

లాయర్ల బిల్డింగులో లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. తలుపులు తీసి, తియ్యటి ఆడగొంతుతో, "అభినందనలు. తల్లీబిడ్డా క్షేమం. బంధువులు ఎడమవైపు వేచి ఉండగలరు" అంది.

లిఫ్టులో ఉన్నది ఒక మొగుడూ, ఒక పెళ్లామూ, చెరో లాయరూ. విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చిన జంట. పొద్దుట్నించీ ఒకరి మొహం ఒకరు చూడకుండా, లిఫ్టులోనూ చెరో గోడకూ తిరిగి నిలబడ్డవాళ్లు. లిఫ్టు మాట వినేసరికి మొగుడు పెళ్లాం కేసి చూశాడు. పెళ్లాం మొగుడి కేసి చూసింది. లాయర్లు పైకప్పు కేసి చూశారు. ఇన్ని కేసిలు అయ్యాక ఇంక కేసెక్కడ మిగుల్తుంది? ముందు ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆయనకి అంటుకుంది. ఇద్దరూ బుద్ధిమంతులైన బంధువుల్లా ఎడమవైపు బల్ల మీద కాసేపు వేచి ఉండి, మెట్లమీదుగా దిగి ఇంటికి పోయారు.

పావుగంటలో మావయ్యకి ఫోనొచ్చింది. "మీ లిఫ్టు మా కేసు మింగేసిందండీ" అన్నాడు లాయరు. "ఇది కంప్లెయింటా, పొగడ్తా?" అని అడిగాడు మావయ్య ఆశగా. కంప్లెయింటేనట.

మావయ్య కంపెనీ పని లిఫ్టులకి మాటలు నేర్పడం. ఎన్నో అంతస్తో, అక్కడ ఏముందో, తలుపులు ఎప్పుడు మూసుకుంటాయో లిఫ్టే చెబుతుంది. జన్మలో ఎవరిచేతా మాట పడని మనిషి మావయ్య. అలాంటివాడు నోరున్న లిఫ్టు వల్ల నోరులేనివాడిలా మాట పడాల్సి వచ్చింది.

కంపెనీ అంతా చుట్టరికమే. మావయ్య యజమాని. ఆయన కొడుకు, అందరూ బావ అని పిలిచే బావ, భవనాల వాళ్లతో మాట్లాడి ఆర్డర్లు తెస్తాడు. మావయ్య చెల్లెలు పిన్ని. లిఫ్టుల్లో వినబడే గొంతు ఆవిడదే. ఇంక మేనకోడలు. ఆ అమ్మాయికి ఇంట్లో ఏదో పేరుండే ఉంటుంది గాని ఆఫీసులో మాత్రం మూతమ్మ. ఎందుకంటే డబ్బాలకి మూతలు వేసేది తనే.

డబ్బా అంటే పచ్చడి డబ్బా కాదు. కంప్యూటర్ల వాళ్లు కంటైనర్ ఇమేజి అంటారు. ఒక లిఫ్టు మాట్లాడటానికి కావలసిన ప్రోగ్రామూ, ఆ భవనానికి తగ్గట్టు పిన్ని రికార్డు చేసిన మాటలూ అన్నీ కలిపి ఒక డబ్బాలో సర్ది మూత వేసేస్తారు. మూత పడ్డాక లోపలి సరుకు మారదు. లిఫ్టు దగ్గర బిగించిన చిన్న పెట్టెలో ఆ డబ్బా దించితే చాలు, లిఫ్టు నోరు విప్పుతుంది. భవనానికో డబ్బా కాబట్టి, కట్టేటప్పుడే ఇది ఏ భవనానిదో చెప్పాలి. అలా చెప్పేదాన్ని బిల్డు ఆర్గ్యుమెంటు అంటారు. ఆర్గ్యుమెంటు లేకుండా కట్టిన డబ్బా ఒకటి, ఆర్గ్యుమెంట్లు తిని బతికే లాయర్ల బిల్డింగులోకే పోయి కూర్చుంది. ఎక్కడ లేనిది అక్కడే చేరడమంటే ఇదే.

"ఆ డబ్బా ఎవరు కట్టారు?" అన్నాడు మావయ్య, అందరినీ గదిలోకి పిలిచి.

తేలు కుట్టిన దొంగలా బావ కిటికీలోంచి చూశాడు.

"ఆవేళ మూతమ్మ సెలవులో ఉంది కదా నాన్నా. లాయర్లు తొందరపెట్టారు. నేనే కట్టాను."

"భవనం పేరు చెప్పావా బావా?" అంది మూతమ్మ.

"మర్చిపోయాను. అయినా నేను మర్చిపోతే డబ్బాకి నోరు లేదా? అదేమీ అనలేదు. గప్‌చిప్‌గా మూత పడింది. మౌనం అంగీకారం అనుకున్నాను."

డబ్బా ఏమీ అనకపోవడానికి కారణం ఉంది. కంపెనీ పెట్టిన కొత్తలో దొరికిన మొదటి భవనం ప్రసూతి ఆసుపత్రి. అప్పుడు ఉన్నదే ఒక్క భవనం, రోజూ దాని పేరేం చెబుతాంలే అని, 'ఎవరూ ఏమీ చెప్పకపోతే ప్రసూతి ఆసుపత్రి అనుకో' అని డబ్బా ఎలా కట్టాలో చెప్పే రెసిపీలో రాసేశారు. అదే డిఫాల్టు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. డిఫాల్టు అనేది అడక్కుండానే పెట్టే అమ్మ. వచ్చిన చిక్కల్లా, ఆ అమ్మకి వచ్చింది ఒక్కటే వంట. అంతకు ముందు బ్యాంకులోనూ అదే వడ్డించింది. అప్పుల అంతస్తులో లిఫ్టు ఆగి, "నెలలు నిండినవారు దయచేసి ముందుకు రండి" అనేసరికి, వాయిదాలు కట్టని వాళ్లందరూ మెట్లదారి పట్టారు.

"ఇదివరకు బ్యాంకు, ఇప్పుడు లాయర్లు" అన్నాడు మావయ్య. "శుక్రవారం బట్టలాయన కొత్త మేడ ప్రారంభం. ఊళ్లో అంత పెద్ద కొట్టు ఇంకోటి లేదు. ఆ లిఫ్టు గనక ఒక్క పిచ్చిమాట మాట్లాడిందో, ఇంక అన్ని భవనాల్లోనూ మాటలు పీకేస్తాను. గంటలు పెట్టిస్తాను. అంతస్తు వస్తే టింగ్. మళ్లీ అంతస్తు వస్తే మళ్లీ టింగ్. టింగుకి బంధువులు ఉండరు, బిడ్డలు ఉండరు."

అందరూ పిన్ని కేసి చూశారు.

పిన్ని ఇదివరకు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పేది. అక్కడ ఆవిడ బదులు యంత్రాన్ని పెట్టారు. ఆ తరవాత చాలా రోజులు పిన్ని ఇంట్లో అందరికీ వినబడేట్టు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడని మళ్లీ మాట్లాడించింది ఈ లిఫ్టులే. ఇప్పుడు ఖాళీ దొరికితే చాలు, ఏదో ఒక భవనానికి వెళ్లి పైకీ కిందికీ తిరుగుతుంది. లిఫ్టు "తలుపులు మూసుకుంటున్నాయి" అంటే పక్కన "సరే" అంటుంది. మూతమ్మకి ఇవన్నీ తెలుసు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే టీపొడి డబ్బా వాడతారు.

"టింగ్ అనడానికి మనిషెందుకులే అన్నయ్యా, గ్లాసూ చెంచా చాలు" అంది పిన్ని నవ్వుతూ. నవ్వింది గాని, రికార్డింగుకని తెచ్చుకున్న మిరియాల కషాయం ఫ్లాస్కు మూత తియ్యకుండానే సంచిలో పెట్టేసుకుంది. మూతల సంగతి మూతమ్మకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

మూతమ్మ మూతి బిగించి తన బల్ల దగ్గరికి వెళ్లింది.

ముందుగా ఆ డిఫాల్టుని పీకి పారేసింది. దాని చోట ఒక కాపలా పెట్టింది. పేరు ఖాళీగా వస్తే బిల్డు, అంటే డబ్బా కట్టడం, అక్కడికక్కడే ఆగిపోవాలి, ఆగి ఒక మాట చెప్పాలి. ఏం చెప్పాలో కాసేపు ఆలోచించింది. 'లోపం: విలువ లేదు' అంటే బావ తననే తిట్టారనుకుంటాడు. చివరికి మామూలు మాటల్లో ఇలా రాసింది: 'ఏ భవనమో చెప్పండి. చెప్పేదాకా మూత వెయ్యను.'

ఏ పేరూ ఇవ్వకుండా బిల్డు కొట్టింది. ఎర్రటి అక్షరాలు. ఆగిపోయింది.

ఆగిపోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. మావయ్య వచ్చి చూశాడు. "ఏదీ, నన్నోసారి కొట్టనీ" అని ఆయనా పేరు లేకుండా కొట్టాడు. ఆగిపోయింది. "బలేగా ఆగిందే" అన్నాడు. మళ్లీ కొట్టాడు. టీ తెచ్చినావిడని పిలిచి ఆవిడ చేతా కొట్టించాడు. ఇన్నేళ్లూ పని అవ్వడం లేదని అరిచిన మనిషి, పని అవ్వనందుకు చప్పట్లు కొడుతుంటే టీ తెచ్చినావిడ కప్పులు అక్కడే పెట్టి మెల్లగా తప్పుకుంది.

సాయంత్రం బావ ఒక డబ్బా కట్టాడు. అది సుఖంగా మూత పడింది. దాన్ని తీసుకెళ్లి ఉత్తుత్తి లిఫ్టులో పెట్టాడు. ఉత్తుత్తి లిఫ్టంటే ఆఫీసు మూల నిలబెట్టిన పాత బీరువా. తలుపూ, బటన్లూ, స్పీకరూ ఉంటాయి. ఎక్కదు, దిగదు. మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు అనే సామెత దాన్ని చూసే పుట్టి ఉంటుంది.

బావ బటను నొక్కాడు. "ఏదోటి భవనానికి స్వాగతం" అంది బీరువా, పిన్ని మాటలు దొరక్క, అక్షరాలు కూడబలుక్కునే యంత్రం గొంతుతో.

"బావా."

"ఊ."

"పేరు దగ్గర ఏమని కొట్టావు?"

"ఏదోటి చెప్పమంది. ఏదోటి అని చెప్పాను."

"ఏ భవనమో చెప్పమంది."

"నాకు అలాగే వినపడింది మరి. చూడు మూతమ్మా, మనిషన్నాక కాస్త సర్దుకుపోవాలి. ఇదివరకు ఆ డబ్బా నాతో ఎంత సఖ్యంగా ఉండేది. నువ్వు దానికి ఏవేవో నూరిపోసి మా మధ్య చిచ్చు పెట్టావు."

"అంత సఖ్యంగా ఉండబట్టే లాయర్ల కేసు చెడగొట్టారు ఇద్దరూ కలిసి" అంది పిన్ని. ఆవిడ స్వెట్టరు అల్లుకుంటూ బీరువా పక్కనే కూర్చుని ఉంది.

కాపలావాడు ఉన్నాడా లేడా అన్నది కాదు, లోపలికి వచ్చేవాడి మొహం చూస్తున్నాడా లేదా అన్నది ముఖ్యం. మూతమ్మ కాపలాకి కళ్లు పెట్టింది. చెప్పిన పేరుతో మాటల ఫోల్డరు నిజంగా ఉందా? అంతస్తులు ఎన్నో చెప్పారా? చెప్పిన ప్రతి అంతస్తుకీ పిన్ని గొంతు రికార్డయి ఉందా? ఒక్కటి తగ్గినా మూత పడదు. ఇంక బావ 'ఏదోటి' అన్నా, 'అదే' అన్నా, చుక్క పెట్టినా, ఖాళీ నొక్కినా పప్పులు ఉడకవు.

మర్నాడు అందరి ముందూ బట్టలాయన పేరు ఇచ్చి పరీక్ష డబ్బా కట్టింది. పేరు సరే, అంతస్తులు సరే, గొంతు సరే అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. మూత పడింది. ఇల్లలకగానే పండగ కాదని తెలిసినా మావయ్య మిఠాయి పెట్టె తెరిచేశాడు. బీరువాలో డబ్బా పెట్టి మూతమ్మ బటను నొక్కింది.

"అభినందనలు" అంది బీరువా. "తల్లీబిడ్డా క్షేమం."

మావయ్య మిఠాయి పెట్టె మూసేశాడు.

"ఈ బిడ్డ మనల్ని వదిలేట్టు లేదురా" అన్నాడు కొడుకుతో. బావ మొహంలో ఆనందం దాచుకుందామన్నా దాగలేదు. "నేనేమీ ముట్టుకోలేదు. అందరూ సాక్షులు. ఈసారి కట్టింది మూతమ్మే."

మూతమ్మ చెవులు ఎర్రబడ్డాయి. పేరు ఇచ్చింది. కాపలా చూసింది, సరేనంది. అయినా లోపలికి పేరు చేరలేదు. మరి పేరు ఎటుపోయినట్టు? గంటసేపు కంప్యూటరు ముందు కూర్చుని, దారిలో అడుగడుగునా 'ఇప్పుడు పేరేమిటి?' అని అచ్చు వేయించి చూసింది. చూసి చూసి, నుదురు బల్లకి ఆనించి, భుజాలు అదిరేట్టు ఊగింది. ఏడుస్తోందనుకుని పిన్ని పరిగెత్తుకొచ్చింది. తీరా చూస్తే నవ్వుతోంది.

"పిన్నీ, మన డబ్బా రెండు అంతస్తుల్లో తయారవుతుంది. పై అంతస్తులో వంట. కింది అంతస్తులో సర్దడం. వంటపాత్రలు డబ్బాలో పడకుండా నిన్న రాత్రి నేనే అలా విడదీశాను. నేను కాపలా పెట్టింది పై అంతస్తులో. పేరు అక్కడ చెప్పాను. అక్కడ చెప్పిన పేరు కింది అంతస్తుకి దానంతటది దిగదు. అక్కడ మళ్లీ 'నాకో పేరు రావాలి' అని రాసుకుంటేనే అందుతుంది. రాయలేదు. కిందవాడికి పేరు ఖాళీ. ప్రోగ్రాములో పాత రోజుల్నించీ దాక్కున్న ఇంకో డిఫాల్టు ఉంది. అది ఆసుపత్రి అనేసింది."

పిన్నికి సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

"అంటే లిఫ్టుల కంపెనీలో పేరు దిగడానికి లిఫ్టు లేదా?" అంది.

ఆ మాటకి మావయ్య కూడా నవ్వాడు. మిఠాయి పెట్టె మళ్లీ తెరుచుకుంది. మూతమ్మ కింది అంతస్తులోనూ పేరు అడిగించింది, అక్కడా కాపలా పెట్టింది, ప్రోగ్రాములో దాక్కున్న రెండో డిఫాల్టునీ పిలక పట్టుకుని బయటికి ఈడ్చింది. ఈసారి బీరువా, "బట్టల మేడకి స్వాగతం. మొదటి అంతస్తు. చిన్నపిల్లల దుస్తులు" అంది. పిన్ని "సరే" అంది.

శుక్రవారం వచ్చింది. ప్రారంభం పదకొండింటికి. పొద్దున్నే అందరూ బట్టల మేడలో ఉన్నారు. ఎక్కడ చూసినా గుడ్డ. గోడలకి గుడ్డ, స్తంభాలకి గుడ్డ, రిబ్బను కట్టిన గుమ్మానికి గుడ్డ. బట్టలాయనకి ఒక్క తల మీదే బట్ట లేదు, అక్కడ మటుకు బట్టతల. లిఫ్టు పక్కన ఒకాయన నిచ్చెన వేసుకుని నిలబడ్డాడు. మావయ్య ముందు జాగ్రత్తగా పిలిపించిన గంటలాయన. చేతిలో నిమ్మకాయంత గంట. ఏ పనీ లేక, ఉండుండి దాన్ని గోటితో కొడుతున్నాడు. అది టింగ్ అన్నప్పుడల్లా పిన్ని స్వెట్టరులో ఒక కుట్టు తప్పుతోంది.

మూతమ్మ లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. "బావా, పరీక్ష డబ్బాకి నేను ఏదో అంకె వేసుకున్నాను. ఇప్పుడు అసలు సంగతి చెప్పు. అంతస్తులు ఎన్ని?"

"ఆరు" అన్నాడు బావ.

"ఏడురా" అన్నాడు మావయ్య. "కింద నేల అంతస్తుని ఎవరు లెక్కపెడతారు, మీ తాతయ్యా?"

బట్టలాయన్ని అడిగారు. ఆయన రొమ్ము విరిచి, "ఎనిమిది" అన్నాడు. ఆయన మేడమీది డాబా కూడా కలిపాడు. లిఫ్టు అక్కడికి పోదు గాని, ఆయన గర్వం పోతుంది.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ముగ్గురిలో ఎవరూ నిజమూ చెప్పలేదు. మూతమ్మ వేళ్లు ఆపేసి కూర్చుంది.

"అమ్మాయ్" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. "టైమవుతోంది. ఏడని వేసెయ్. ఈ ఒక్కసారికి. కాదంటే ఆ కాపలావాణ్ని పక్కన టీకి పంపించు. రేపు మళ్లీ పెట్టుకుందాం."

"టీకి పంపిస్తే మళ్లీ రాడు మావయ్యా. ఇన్నాళ్లూ మనం చేసింది అదే."

"లిఫ్టు మూగగా ఉంటే ఆయన నన్ను బట్టలుతికినట్టు ఉతుకుతాడే."

"తప్పుగా మాట్లాడితే పిన్ని గొంతు పోతుంది. ఉతికితే నన్ను ఉతకమను."

గంటలాయన టింగ్ అనిపించాడు. పిన్ని అల్లిక సంచిలో పెట్టేసి లేచింది. "లెక్క కావాలంటే ఒకర్నొకరు అడుగుతారేమిటి? లిఫ్టు ఎక్కండి. అది ఎక్కడెక్కడ ఆగుతుందో అదే చెబుతుంది."

అందరూ ఎక్కారు. లోపల బటన్లని మూతమ్మ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. కింద కార్లు పెట్టుకునే చోటు ఒకటి. నేల అంతస్తు ఒకటి. పైన ఆరు. నేలకీ మొదటి అంతస్తుకీ మధ్య, అంకె లేకుండా, కత్తెర బొమ్మ వేసిన బటను ఇంకొకటి. నొక్కారు. లిఫ్టు కాస్త ఎక్కి, ఇంకా ఎక్కుతుందనుకుంటుండగానే ఆగింది. తలుపులు తీస్తే పొట్టి పైకప్పు కింద వరసగా కుట్టుమిషన్లు, వాటి వెనక దర్జీలు.

"ఇదేమిటండీ?" అన్నాడు మావయ్య.

"ఇదా, అర" అన్నాడు బట్టలాయన. "కొలతలు తీసుకునే అర అంతస్తు. ఇదీ లెక్కలోకి వస్తుందని నేననుకోలేదు. అరే కదా."

"మేం అరకొరగా కట్టే వాళ్లం కాదండీ, అయినా అర కూడా కావాలి" అంది మూతమ్మ. అంతలోనే చిక్కు తట్టింది. మొత్తం తొమ్మిది. తొమ్మిది అంటే కాపలావాడు తొమ్మిదింటికీ గొంతు అడుగుతాడు. మిగతావాటికి ఉంది గాని, ఈ కత్తెర బొమ్మకి పిన్ని గొంతు లేదు.

"రికార్డు చెయ్యడానికి ఆఫీసుకి పోయి వచ్చే టైము లేదు" అన్నాడు బావ. "ఇక్కడ చేద్దామంటే ఈ మిషన్ల మోత."

మూతమ్మ చుట్టూ చూసింది. మూల బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గది ఉంది. లోపల మూడు గోడలకీ ఉన్ని కోట్లు వేలాడుతున్నాయి. తల దూర్చి "ఊ" అంది. గోడ తిరిగి ఊ అనలేదు. అంత మెత్తటి చప్పుడు వాళ్ల ఆఫీసు గదిలో కూడా దొరకదు.

"పిన్నీ, దూరు."

పిన్ని కోట్ల మధ్య దూరింది. మూతమ్మ ఫోను పట్టుకుంది. మావయ్య బయట తెర పట్టుకున్నాడు. దర్జీలు కాళ్లెత్తి మిషన్లు ఆపారు.

"అర అంతస్తు" అంది పిన్ని బస్టాండు గొంతుతో. "కొలతలు ఇక్కడ..." అనేలోగా ఒక కోటు చెయ్యి ఆవిడ భుజం మీద పడింది. ఎవరో పెద్దమనిషి చెయ్యి వేశాడనుకుని "ఎవరండీ" అంది. ఆ ఎవరండీ కూడా రికార్డయింది. మూతమ్మ ఫక్కుమంది. పిన్ని మొదలుపెట్టింది, మూతమ్మ మొహం చూసింది, ఆపేసింది. ఈసారి గోడకి తిరిగి మొదలుపెట్టింది. బయటినుంచి మావయ్య, "ఒక్క ముక్కకి ఇంతసేపా చెల్లాయ్, పుట్టినప్పట్నించీ ఆపకుండా మాట్లాడేదానివి" అన్నాడు. అది కూడా రికార్డయింది. దర్జీలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక దర్జీకి ఎక్కిళ్లు మొదలయ్యాయి. పక్కవాడు అతని నోట్లో గుడ్డ కుక్కాడు.

చివరికి పిన్ని కళ్లు మూసుకుని, ఒక ఉన్ని కోటు రెండు చేతులూ పట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు అంది: "అర అంతస్తు. కొలతలు ఇక్కడ తీసుకుంటారు. తల కాస్త వంచి నడవండి."

తల వంచమనడం ఎవరూ రాసివ్వలేదు. పైకప్పు చూసి ఆవిడే కలిపింది.

మూతమ్మ దర్జీల బల్ల మీద కత్తెర్లు జరిపి లాప్‌టాప్ పెట్టింది. గొంతు ఫోల్డరులో వేసింది. అందరూ వెనక మూగారు. కింద బ్యాండు మేళం మొదలైంది. బిల్డు కొట్టింది.

ఎర్రటి అక్షరాలు. 'ఏ భవనమో చెప్పండి. చెప్పేదాకా మూత వెయ్యను.'

బావ గొంతు సవరించుకున్నాడు. "పేరు చెప్పాలమ్మా" అన్నాడు, ఎంతో ఓపిగ్గా, పెద్దమనిషి తరహాలో. "చెప్పకపోతే అదేం చేస్తుంది పాపం? దానికీ ఒక పద్ధతి ఉంటుంది."

తొందరలో ఆ కాపలా పెట్టిన మనిషే పేరు ఇవ్వడం మర్చిపోయింది. తను తవ్విన గోతిలో తనే పడి, గొయ్యి బాగా తవ్వినందుకు మురిసిపోయిన మనిషి మూతమ్మే. ఇంతకు ముందైతే ఈ డబ్బా ఈ పాటికి మూత పడి, కింద రిబ్బను దగ్గర తల్లీబిడ్డల క్షేమం చెబుతూ ఉండేది. ఆ సంగతి మావయ్యకీ తట్టినట్టుంది. నుదుటి చెమట పక్కనే ఉన్న గుడ్డతో తుడుచుకున్నాడు. తీరా చూస్తే అది అమ్మకానికి పెట్టిన సరుకు.

పేరు ఇచ్చింది. తొమ్మిది అంది మూతమ్మ. పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే దిగాయి. పైన సరే. కింద సరే. మూత పడింది.

బట్టలాయన రిబ్బను కత్తిరించాడు. అతిథులతో లిఫ్టు ఎక్కాడు. మావయ్య, పిన్ని, మూతమ్మ మూలకి నక్కి నిలబడ్డారు. లిఫ్టు కదిలింది. కాస్త ఎక్కి ఆగింది.

"అర అంతస్తు. కొలతలు ఇక్కడ తీసుకుంటారు. తల కాస్త వంచి నడవండి."

అతిథులందరూ ఒక్కసారి తలలు వంచారు. దిగాల్సిన వాళ్లూ వంచారు, దిగని వాళ్లూ వంచారు. బట్టలాయన కూడా వంచాడు. తన మేడ ఎదుట ఇంతమంది తలవంచడం చూసి ఆయన మొహం మతాబాలా వెలిగింది. తొమ్మిది చోట్లా లిఫ్టు ఏది చెప్పాలో అది చెప్పింది. పిన్ని ఒక్కసారి కూడా సరే అనలేదు. మూతమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంతే.

కిందికి దిగాక మావయ్య నిచ్చెన దగ్గరికి వెళ్లాడు. "మీరింక వెళ్లచ్చండీ" అన్నాడు గంటలాయనతో. ఆయన గంట జేబులో వేసుకుని, వెళ్లబోతూ, "ఒకసారి లిఫ్టెక్కి పోనా" అని అడిగాడు. ఎక్కి పోయాడు. ఎంతకీ దిగలేదు.

ఆయనొక్కడే కాదు, ఎవరూ దిగడం లేదు. మధ్యాహ్నానికి కొట్టంతా ఖాళీ, లిఫ్టు మాత్రం కిటకిట. జనం పైకి పోతున్నారు, మాట వింటున్నారు, తల వంచుతున్నారు, నవ్వుతున్నారు, కిందికొచ్చి మళ్లీ పైకి పోతున్నారు. బట్టలు చూసే నాథుడు లేడు. బట్టలాయన మావయ్యని పక్కకి లాగాడు.

"గొంతు బాగుందండీ, అదే వచ్చిన గొడవ. ఇంకో ముక్క చేర్పించండి. అంతస్తు వచ్చాక దిగమని చెప్పాలి."

"చెల్లాయ్" అని కేకేశాడు మావయ్య. "ఇంకో మాట కావాలట. దిగమని."

"ఎలా దిగమనాలి?" అంది పిన్ని. "విసుగ్గానా, గదమాయింపుగానా, బతిమాలినట్టా?"

మావయ్య బట్టలాయన్ని చూశాడు. బట్టలాయన 'ఏదో ఒకలా' అనబోయాడు. మూతమ్మ కళ్లు చూసి ఆగాడు. లిఫ్టు నిండా ఉన్న జనం కేసి ఒకసారి చూసి, లోపల ఉన్నదంతా కూడదీసుకుని చెప్పాడు.

"నవ్వుతూ దిగమనండి. దిగినా మళ్లీ ఎక్కాలి కదా."

పిన్ని సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూత తిప్పి, రెండు గుక్కల కషాయం తాగి, ఉన్ని కోట్ల గదిలోకి వెళ్లి తెర లాక్కుంది.